బహిరంగ పత్ర ప్రమాణములు – సంస్థలలో ఉమ్మడి పని

వ్రాత మానవజాతికి రెండవ జ్ఞాపకశక్తి. పలికిన మాట గాలిలో కలిసిపోవును. వ్రాసిన మాట నిలిచియుండును. తాటియాకుపై గంటముతో వ్రాసిన తెలుగు కావ్యమైనను, కాగితముపై కాతిబు కలముతో దిద్దిన ఉర్దూ గజలైనను, చదువుటకు రెండే కావలెను: చూచు కన్ను, లిపి నేర్చిన బుద్ధి. నేడు మనము వ్రాయుచున్నదానిలో అధికభాగమును కంప్యూటరులో వ్రాయుచున్నాము. దానిని చదువుటకు కన్నును బుద్ధియు చాలవు, మూడవదొకటి కావలెను. అది ఆ వ్రాతను తెరచి చూపు ప్రోగ్రాము. ఆ మూడవదానిపై అధికారము ఎవరిది అను ప్రశ్నయే ఈ వ్యాసమునకు విషయము.

మాకు ఎదురైన అనుభవము

ఈ సంచికను సిద్ధపరచునపుడు, వెనుకటి సంచికలనుండి కొన్ని మంచి రచనలను ఏరి పునర్ముద్రింపవలెనని మేము తలచినాము. మన పత్రికకు రెండు ముఖములు కలవని పాఠకులకు తెలియును. ఒకవైపునుండి తెరచినచో తెలుగు, రెండవవైపునుండి తెరచినచో ఉర్దూ. రెండును నడుమ కలిసికొనును. పాత సంచికల సి.డి.లు బీరువాలో భద్రముగా ఉన్నవి. ఒకదానిని కంప్యూటరులో ఉంచి తెలుగు విభాగమును తెరచినాము. తెరపై తెలుగునకు బదులు ఇంగ్లీషు అక్షరములు, ప్రశ్నార్థకములు, నక్షత్రపు గుర్తులు కలగాపులగముగా కనిపించినవి. ఉర్దూ విభాగము అసలు తెరచుకొననే లేదు. నాడు అక్షరకూర్పు చేసిన ముద్రణాలయము మూతపడినది. అచట వాడిన ప్రోగ్రాము నేటి కంప్యూటరులలో నడువలేదు. చివరకు గ్రంథాలయములోని అచ్చుప్రతిని తెచ్చి, ఇద్దరు విద్యార్థులు ఎదురెదురుగా కూర్చుండి, ఒకరు చదువగా మరియొకరు మరల టైపు చేసినారు. అంచులు చెదలు తిన్న కాగితము మాటను నిలుపుకొన్నది, చెక్కుచెదరని సి.డి. నిలుపుకొనలేకపోయినది.

ఇట్లేల జరిగినదో విచారించినప్పుడు రెండు కారణములు తేలినవి. ఒకటి అక్షరమునకు సంబంధించినది, రెండవది పత్రమునకు సంబంధించినది.

అక్షరము వెనుక సంఖ్య

కంప్యూటరునకు అక్షరములు తెలియవు, సంఖ్యలే తెలియును. ఏ అక్షరమునకు ఏ సంఖ్య అను ఒప్పందము అందరికిని ఒకటే అయినప్పుడు ఒకరు వ్రాసినది మరియొకరు చదువగలరు. తొలిదినములలో తెలుగు అక్షరరూపములను తయారుచేసినవారు ఇంగ్లీషు అక్షరములకు కేటాయించిన సంఖ్యల స్థానములోనే తెలుగు బొమ్మలను కూర్చినారు. ఆ బొమ్మల పెట్టె ఉన్నంతకాలము అది తెలుగు; అది లేనిచోట అడుగున ఉన్న ఇంగ్లీషు బయటపడును. పైగా ఒక్కొక్కరి కూర్పు ఒక్కొక్క విధము. మేము చూచిన కలగాపులగము ఇదియే.

ఈ చిక్కునకు విరుగుడుగా వచ్చినది యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగునకును, ఉర్దూ వ్రాయు అరబ్బీ లిపికిని స్థానము లభించినది. దాని ప్రకారము తెలుగు 'అ' సంఖ్య 3077. ఉర్దూ 'అలిఫ్' సంఖ్య 1575. హైదరాబాదులోనైనను, అమెరికాలోనైనను, ఏ సంస్థ చేసిన యంత్రములోనైనను ఇవి మారవు. ఉర్దూ నస్తాలీఖ్ వ్రాతకు మరియొక కష్టము కలదు. అందు అక్షరములు ఒకదానిపై ఒకటి వాలుచు కలిసిపోవును. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తాలీఖ్‌లో ఇట్టి కూడికలు 20,000కు పైగా గీయవలసివచ్చినది. నేడు అక్షరముల సంఖ్యలను మాత్రమే పత్రములో ఉంచి, కూడిక పనిని అక్షరరూపమునకు వదలివేయుచున్నారు. కావున రూపము మారినను మాట నశింపదు.

పత్రమునకు తాళము

అక్షరముల సంఖ్యలు ఒకటే అయినంతమాత్రమున పత్రము తెరచుకొనదు. శీర్షిక ఏది, పేరా ఎచట ముగిసినది, పట్టికలో గడులెన్ని, చిత్రము ఎచట ఉండవలెను అను వివరములనన్నిటిని ప్రోగ్రాము ఒక క్రమములో దాచును. ఆ క్రమమునే పత్రరూపము అందురు. ఆ క్రమమును తయారుచేసిన సంస్థ రహస్యముగా ఉంచినచో, పత్రము వ్రాసినది మనమైనను తాళపుచెవి వారిచేత ఉండును. వారు ధర పెంచిన ఇవ్వవలెను. వారు దుకాణము మూసిన మన పత్రము మూతపడును. ఆ క్రమమును గ్రంథముగా ప్రకటించి, ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చునని అనుమతించి, దాని మార్పులను ఒక్క సంస్థ గాక పదిమంది కూడిన సంఘము నిర్ణయించునట్లు చేసినచో, దానిని బహిరంగ ప్రమాణము అందురు.

ఇట్టి ప్రమాణములలో ముఖ్యమైనది ఓపెన్ డాక్యుమెంట్. జర్మనీలోని స్టార్ డివిజన్ అను సంస్థ చేసిన స్టార్ ఆఫీసు దీని పూర్వరంగము. ఆ సంస్థను 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొని, 2000లో దాని మూలమును అందరికిని విడుదల చేసినది. దానినుండి పుట్టిన పత్రరూపమును ఒయాసిస్ అను ప్రమాణసంఘము పరిశీలించి 2005లో ఆమోదించినది. 2006లో అంతర్జాతీయ ప్రమాణసంస్థయు దానిని 26300 సంఖ్యతో అంగీకరించినది. ఈ రూపములో దాచిన పత్రము నిజమునకు ఒక మూట. మూట విప్పినచో అందు విషయము ఒక పత్రముగను, శైలి వేరొక పత్రముగను, రచయిత పేరు, తేదీ మున్నగునవి ఇంకొక పత్రముగను కనబడును. అన్నియు మామూలు అక్షరములలో ఉండును. కావున ప్రోగ్రాములన్నియు నశించినను, ఓపికగలవాడు మూట విప్పి రచనను బయటకు తీయగలడు. ఎడమనుండి కుడికి నడచు వ్రాతకును, కుడినుండి ఎడమకు నడచు వ్రాతకును ఈ ప్రమాణములో విధులు కలవు. రెండు దిక్కులనుండి తెరచుకొను మన పత్రిక వంటిదానికి ఇది చిన్న విషయము కాదు.

ప్రమాణములపై జరిగిన వివాదము

ఈ విషయము నిపుణుల గదికే పరిమితము కాలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రము 2005 సెప్టెంబరులో, ప్రభుత్వ పత్రములను 2007 జనవరి నుండి ఓపెన్ డాక్యుమెంట్ రూపములో ఉంచవలెనని నిర్ణయించినది. ప్రజల పత్రములను చదువుటకు ప్రజలు ఒక సంస్థ సరుకును కొనవలసియుండరాదనుట వారి వాదము. అయితే దృష్టిలోపముగలవారు న్యాయమైన ఆక్షేపణ తెలిపినారు. తెరపై వ్రాతను చదివి వినిపించు సాధనములు నాడు మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాములతో బాగుగా పనిచేయుచుండెను, కొత్తవానితో పనిచేయకుండెను. తాళము ఒకరికి తీసి మరియొకరికి వేయుట న్యాయము కాదు గదా! 2007లో ఆ రాష్ట్రము మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించిన ఓపెన్ ఎక్స్.ఎం.ఎల్. రూపమును గూడ అనుమతించినది.

ఆ రెండవ రూపము విషయమై ప్రపంచ దేశములు ఓట్లు వేసినవి. దాని వివరణ గ్రంథము సుమారు 6,000 పుటలు. 2007 సెప్టెంబరులో అది నెగ్గలేదు. సవరణల పిదప 2008లో 29500 సంఖ్యతో నెగ్గినది. మన దేశము రెండుసార్లును వ్యతిరేకముగా ఓటువేసినది. బ్రెజిల్, దక్షిణాఫ్రికా, వెనిజులాలతో కలిసి అప్పీలు గూడ చేసినది, అది అంగీకరింపబడలేదు. 2010 నవంబరులో భారత ప్రభుత్వము ఈ-పరిపాలన కొరకు బహిరంగ ప్రమాణముల విధానమును ప్రకటించి, ఒక్కొక్క పనికి రుసుములేని ఒక్క ప్రమాణమును ఎంచుకొనుటయే మేలని చెప్పినది. 2014లో బ్రిటిషు ప్రభుత్వము, కలిసి దిద్దు పత్రములకు ఓపెన్ డాక్యుమెంట్‌ను, చదువుటకు మాత్రమే ఉద్దేశించిన పత్రములకు పి.డి.ఎఫ్. లేదా హెచ్.టి.ఎం.ఎల్. రూపములను నిర్ణయించినది.

ఉమ్మడి పనికి ఒక వాకిలి

పత్రము తెరచుకొన్నంతమాత్రమున పదిమంది పని సాగదు. పెద్ద సంస్థలలో ఒకే పత్రమును పలువురు దిద్దుదురు. ఒకరి ప్రతి మరియొకరికి పంపగా, 'చివరిది', 'సరియైన చివరిది', 'అసలైన చివరిది' అను పేర్లతో ప్రతులు పెరిగి, దేనిని నమ్మవలెనో తెలియక పని చెడును. దీని నివారణకు ఏర్పడినదే సహకార ద్వారము. ఉద్యోగులందరును తమ గుర్తింపుతో ప్రవేశించు ఒకే వాకిలి అని దానిని భావింపవచ్చును. 1989లో వెలువడిన లోటస్ నోట్స్ ఈ మార్గములో తొలి అడుగులలో ఒకటి. 2001లో మైక్రోసాఫ్ట్ వారి షేర్‌పాయింట్, 2005లో ఏర్పడిన ఆల్ఫ్రెస్కో, 2016లో ఏర్పడిన నెక్స్ట్‌క్లౌడ్ మున్నగునవి తరువాతివి.

దీని పనితీరు గ్రంథాలయము వంటిది. పుస్తకము ఎవరు తీసికొన్నారో రిజిస్టరులో ఉన్నట్లు, పత్రము ఎవరి చేతిలో ఉన్నదో ద్వారము చెప్పును. ఒకరు దిద్దుచుండగా మరియొకరు పాడుచేయకుండ ఆపును, లేదా ఇద్దరి మార్పులను తగినవిధముగా కలుపును. ప్రతి మార్పునకు ముందటి ప్రతిని గూడ దాచును. కావున పొరపాటు జరిగినచో వెనుకకు పోవచ్చును. ఎవరు చూడవచ్చును, ఎవరు దిద్దవచ్చును, ఎవరు ఆమోదింపవలెను అను అధికారములను పాటించును. వెదకిన మాట ఎచట ఉన్నదో చూపును.

ఈ ద్వారము గూడ తాళము కారాదు. లోపలికి పోవుట సులభమై, బయటకు వచ్చుట కష్టమైనచో అది వాకిలి కాదు, బోను. అందుచేతనే ద్వారములకును ప్రమాణములు పుట్టినవి. దూరమునందున్న పత్రములను ఇంటర్నెట్‌పై దిద్దుటకు 1999లో వెబ్‌డావ్ వచ్చినది. వేర్వేరు సంస్థల పత్రభాండారములు ఒకదానితో ఒకటి మాటలాడుటకు 2010లో ఒయాసిస్ సి.ఎం.ఐ.ఎస్. అను ప్రమాణమును ఆమోదించినది.

కష్టనష్టములు

ఇంత మేలు ఉన్నప్పుడు అందరును ఏల మారలేదని విద్యార్థులు అడుగవచ్చును. అలవాటు మొదటి అడ్డంకి. ఒక రూపమునుండి మరియొకదానికి మార్చునపుడు పట్టికలు చెదరుట, పుటలు జరుగుట రెండవది. జర్మనీలోని మ్యూనిక్ నగరము 2003లో నిర్ణయించి, 2013 నాటికి సుమారు 15,000 కంప్యూటరులను స్వేచ్ఛా ప్రోగ్రాములకు మార్చినది. 2017లో మరల వెనుకకు తిరుగుటకు తీర్మానించినది. అదే జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రము 2024లో సుమారు 30,000 కంప్యూటరులను లిబ్రెఆఫీసునకు మార్చుటకు పూనుకొన్నది. దీనినిబట్టి ఇది యంత్రముల మార్పు మాత్రమే కాదనియు, మనుష్యుల శిక్షణ, పాలకుల పట్టుదల అంతకంటె ముఖ్యమనియు తెలియుచున్నది. మార్పు కోరువారు మొదట ఒక చిన్న విభాగములో ప్రారంభించి, లోపములను దిద్దుకొని, పిదప విస్తరింపవలెను. పాత పత్రములనన్నిటిని ఒక్కనాడు మార్పబూనక, నిలువయుంచవలసినవానిని ముందుగా ఏరుకొనవలెను.

మన కళాశాల సంగతి

ఇది వేలమంది పనిచేయు కార్యాలయముల సంగతి, మనకేల అని అనుకొనరాదు. పెద్ద సంస్థకు పాత పత్రములను బాగుచేయించుకొనుటకు ధనమున్నది. మనవంటి చిన్న కళాశాలకు, అందును రెండు భాషలలో నడచు కళాశాలకు, పోయినది పోయినట్లే. ఇచట చదివిన విద్యార్థి తొలిసారి అచ్చులో చూచుకొన్న రచన, పదవీవిరమణ చేసిన గురువుల ప్రసంగము, పాలకవర్గ సమావేశముల తీర్మానములు వేరెచటను దొరకవు.

కావున పాలకవర్గమునకు మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది, ఈ సంవత్సరమునుండి కళాశాల పత్రములను, పత్రికను యూనికోడ్ అక్షరములలోనే టైపు చేయించవలెను. ముద్రణాలయముతో చేసికొను ఒప్పందములో ఈ నియమము వ్రాయించవలెను. రెండవది, దిద్దదగిన ప్రతిని ఓపెన్ డాక్యుమెంట్ రూపములోను, పూర్తియైన ప్రతిని దీర్ఘకాల నిలువకై ఏర్పడిన పి.డి.ఎఫ్.-ఏ రూపములోను, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచవలెను. లిబ్రెఆఫీసు వెల లేకుండ లభించును గనుక దీనికి పెద్ద ఖర్చు లేదు. మూడవది, కార్యాలయము, గ్రంథాలయము, పత్రికాసంఘము కలిసి వాడుకొను ఒక చిన్న ఉమ్మడి భాండారమును ఏర్పరచి, దాని బాధ్యతను ఒక అధ్యాపకునికిని ఇద్దరు విద్యార్థులకును అప్పగింపవలెను.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. పాత సంచికలు ఇంకను అనేకము బీరువాలో ఉన్నవి. సెలవులలో దినమునకు రెండు పుటల చొప్పున టైపు చేసినను, ఒక్కొక్క సంచిక మరల వెలుగు చూచును. తెలుగు వచ్చినవారు తెలుగు పుటలను, ఉర్దూ వచ్చినవారు ఉర్దూ పుటలను, రెండును వచ్చినవారు తప్పులు దిద్దు పనిని చేపట్టవచ్చును. మన పెద్దలు కాగితముపై మనకు అందించిన మాటను, మన తరువాతివారు తాళపుచెవికై ఎవరిని యాచింపనక్కరలేకుండ చదువుకొనునట్లు అందించుట మన విధి.