కన్ను ముందు, మేక తరవాత

జనగామకు దగ్గరలో పెంబర్తి అనే గ్రామం ఉన్నది. అక్కడి పనివారు ఇత్తడి రేకును లక్క మీద పరిచి, ఉలితోనూ సుత్తితోనూ నగిషీలు చేస్తారు. రేకును వెనక నుంచి కొడితే ముందు వైపున పువ్వో, నెమలో ఉబ్బి కనిపిస్తుంది. అంటే, పని జరిగేది ఒక వైపు, మనం చూసేది మరొక వైపు!

ఇటువంటి తిరగేసిన పని గాజు మీద కూడా ఉన్నది. గాజు పలకకు వెనక రంగులు వేసి, ముందు నుంచి చూస్తారు. తంజావూరులో దేవుళ్ళ పటాలు ఇలా వేసేవారు.

మన కాలంలో గాజు మీద బొమ్మలు వేసిన తెలుగు చిత్రకారులలో కె. లక్ష్మా గౌడ్ గారు ఒకరు. ఆయన 1940లో అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్ గ్రామంలో పుట్టారు. చిన్నతనంలో వూళ్ళో తోలుబొమ్మలాటలు చూశారు. అందులోనూ అంతే గదా: ఆడించేవాడు తెర వెనక, చూసేవారు తెర ముందు!

ఆయన హైదరాబాదులో చిత్రకళ చదివి, 1963లో బరోడా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడి గురువు కె. జి. సుబ్రహ్మణ్యన్ గారు గొప్ప చిత్రకారుడు. పిల్లల కోసం బొమ్మల పుస్తకాలు కూడా చేశారు. లక్ష్మా గౌడ్ గారు ఆయన వద్ద గోడ చిత్రాలూ, అచ్చు చిత్రాలూ నేర్చుకున్నారు. లోహపు రేకు మీద గీసిన గీత కాగితం మీద కుడి ఎడమలు మారి పడుతుంది. తారుమారుగా ఆలోచించటం చేతికి ఆ విధంగా అలవడుతుంది.

గాజు మీద మేకను వెయ్యాలనుకోండి. కాగితం మీద అయితే ముందు ఒళ్ళు వేసి, చివరకు కంట్లో చుక్క పెడతాం. గాజు మీద కంటి చుక్కే మొదట పెట్టాలి. తరవాత వెంట్రుకలు, ఆ తరవాత ఒళ్ళు, అన్నిటికన్న చివర ఆకాశం. కన్ను పెట్టటం మరిచి ఒంటి రంగు పూశారో, ఇక కంటికి చోటు లేదు! ఎంత పూసినా అది ఒంటి వెనకనే దాగిపోతుంది. ఆ రంగును గీకివెయ్యాలి, లేదా మళ్ళీ మొదలుపెట్టాలి. అందుచేత, కుంచె పట్టక ముందే చిత్రమంతా మనసులో పూర్తి కావాలి.

పూర్వం ఇటువంటి పనులు తండ్రి నుంచి కొడుక్కు వచ్చేవి. పనివాడి ఇంట పుట్టని పిల్లలకు నేర్పేవారు అరుదు. కళాశాలలు వచ్చాక ఆ తలుపు తెరుచుకున్నది. నిజాంపూర్ కుర్రవాడు బరోడా వెళ్ళగలిగింది అందువల్లనే. నేర్చినది ఆయన తన వద్దనే దాచుకోలేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు కళా విభాగంలో అధ్యాపకుడై, దానికి అధిపతిగా పనిచేసి, 2001లో పదవీ విరమణ చేశారు. పల్లె మనుషులనూ, మేకలనూ చిత్రించటం మాత్రం మానలేదు. 2016లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఈనాడు మహబూబాబాదులోనో, భూపాలపల్లిలోనో ఉన్న పిల్ల, ఏ ఇంట పుట్టినా సరే, ఇటువంటి విద్య చదవాలని కోరుకోవచ్చు.

మీరు కూడా ప్రయత్నించి చూడండి. గాజు పగిలితే చేతులు తెగుతాయి. అందుచేత పలచని ప్లాస్టిక్ రేకు తీసుకోండి. దాని మీద మీ పేరు రాసి, రేకును తిప్పి చూడండి. అక్షరాలు తారుమారు అవుతాయి. ఇక మేకను వెయ్యండి. అమ్మకు గాని, నాన్నకు గాని చూపించే ముందు ఒక్కసారి వెనక్కు తిప్పి చూసుకోండి: కన్ను ఉన్నదా?