ఫోన్ల ఏది పెట్టి పంపితే అదేనా? బ్రౌజర్ ఎంచుకునుడు మన చేతిల పని

కొత్త ఫోన్ కొనేటప్పుడు మనం ఏమేం చూస్తం? కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, బ్యాటరీ ఎంతసేపు ఆగుతది, ర్యామ్ ఎంత, ఈఎంఐ నెలకు ఎంత పడ్తది. ఊళ్లె నలుగురు దోస్తులను అడుగుతం, యూట్యూబ్‌ల పది వీడియోలు చూస్తం. కానీ ఆ ఫోన్ల ఇంటర్నెట్‌కు తలుపు లెక్క ఉండే బ్రౌజర్ ఏది ఉండాలె అని మాత్రం ఎవ్వలం అడగం. కంపెనీ ఏది పెట్టి పంపితే గదే. నాలుగు రంగుల గుండ్రటి బొమ్మ కనిపిస్తది, దాన్ని ఒత్తుతం. ఆ బొమ్మ పేరే ఇంటర్నెట్ అనుకునేటోళ్లు సుత మన ఊళ్లల్ల మస్తుమంది ఉన్నరు.

భూమి రికార్డు చూసుకునేది అండ్లనే. స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టేది అండ్లనే. గ్రూప్స్ నోటిఫికేషన్, హాల్‌టికెట్, రిజల్ట్, మార్కెట్ల పత్తి ధర, ఇంట్ల ఎవలికీ చెప్పుకోలేక రాత్రిపూట ఎతుక్కునే రోగం పేరు... అన్నీ ఆ తలుపుల నుంచే పోతయి, వస్తయి. గసొంటి తలుపును మన తరఫున ఇంకెవలో ఎంచిపెట్టిన్రు. ఎందుకు పెట్టిన్రు, మనకు ఏది అక్కరకొస్తది, మార్చుకునుడు ఎట్ల అనేది తమ్ములకు, చెల్లెండ్లకు ఇయ్యాల వివరంగ చెప్తా.

తలుపు కోసం కొట్లాట కొత్తది కాదు

మొట్టమొదటి బ్రౌజర్‌ను 1990ల టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయన తయారుచేసిండు. జెనీవా దగ్గర సెర్న్ అనే సైన్స్ పరిశోధన సంస్థల పనిచేసేటోడు. నాలుగేండ్లకు నెట్‌స్కేప్ అనే కంపెనీ బ్రౌజర్ వచ్చి దునియా అంతా పాకింది. అది చూసి మైక్రోసాఫ్ట్ 1995ల ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తెచ్చింది. తర్వాత దాన్ని విండోస్‌తోనే కలిపి ఇచ్చుడు మొదలువెట్టింది. కంప్యూటర్‌ల ముందుగాల్నే ఒకటి ఉంటే ఇంకోటి ఎవలు ఎతుక్కుంటరు? నెట్‌స్కేప్ కూలిపోయింది. 1998ల అమెరికా సర్కారే మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది.

నెట్‌స్కేప్ మునిగేముందు ఒక మంచి పని చేసింది. తన కోడ్‌ను అందరికీ తెరిచి పెట్టింది. అండ్లకెల్లి మొజిల్లా పుట్టింది, 2004ల ఫైర్‌ఫాక్స్ వచ్చింది. 2008ల గూగుల్ క్రోమ్ తెచ్చింది. ఇయ్యాల ప్రపంచంల ఇంటర్నెట్ చూసేటోళ్లల్ల దగ్గరదగ్గర మూడింట రెండొంతుల మంది క్రోమ్‌లనే చూస్తున్నరు. ఎక్స్‌ప్లోరర్‌ను 2022ల మైక్రోసాఫ్టే మూసేసింది. రాజు మారిండు గానీ రాజ్యం నడిచే తీరు మారలే. ముందుగాల్నే పెట్టి పంపుడు అనే ఉపాయం అట్లనే ఉన్నది.

మన దేశంల కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌ల గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆండ్రాయిడ్ ఫోన్లల్ల తన యాప్‌లన్నీ కట్టగట్టి ముందే పెట్టాలని ఫోన్ కంపెనీలకు షరతులు పెడుతున్నదని కమిషన్ తేల్చింది. ఆ కట్టల క్రోమ్ సుత ఉంది. 2023 మార్చిల అప్పీల్ ట్రిబ్యునల్ గూడ ఆ జరిమానాను నిలబెట్టింది. అమెరికాల నడిచిన ఇంకో కేసుల ఇంకో లెక్క బయటపడ్డది. ఆపిల్ వాళ్ల సఫారీ బ్రౌజర్‌ల గూగుల్ సెర్చ్ ముందుగాల్నే ఉండేటందుకు 2022 ఒక్క ఏడాదిల గూగుల్ కట్టింది 2,000 కోట్ల డాలర్లు.

గన్ని పైసలు ఊరికే ఎవలిస్తరు? ముందుగాల పెట్టినదాన్ని మనం మార్చం అని వాళ్లకు తెలుసు. వాళ్లు కట్టేది మన బద్ధకానికి ధర.

తూకం వేసేటోడే కొనేటోడైతే

పత్తి అమ్మవోయినప్పుడు కాంటా ఎవలిదో చూస్తం. తూకం వేసేటోడే కొనేటోడైతే ఎటు మొగ్గుతదో చెప్పనక్కర లేదు. బ్రౌజర్ సంగతి సుత గంతే. దాన్ని చేసిన కంపెనీకి పైసలు ఏడికెల్లి వస్తున్నయో ముందు చూడాలె.

మనం ఒక సైట్ తెరిస్తే అది మన ఫోన్ల చిన్న గుర్తుచీటీ పెడతది. దాన్ని కుకీ అంటరు. మనం లాగిన్ అయి ఉన్నమని గుర్తువెట్టుకునేటందుకు అది అక్కరే. కానీ ఆ పేజీల ప్రకటనలు పెట్టే బయటి కంపెనీలు సుత తమ చీటీలు పెడతయి. మనం వార్తల సైట్‌ల ఉన్నా, బూట్ల దుకాణం చూసినా, రోగం గురించి చదివినా, ఆ చీటీల వెంట మన తొవ్వంతా రాసుకుంటయి. పొద్దుగాల ఒకసారి అప్పు గురించి ఎతికితే సాయంత్రం దాకా లోన్ యాప్‌ల ప్రకటనలు ఎందుకు ఎంటవడ్తయో ఇప్పుడు సమజైందా?

గీ చీటీల విషయంల ఎవలు ఏం చేసిన్రో చూడుండ్రి. ఫైర్‌ఫాక్స్ 2019ల, ఎంటవడే కంపెనీల కుకీలను మనం అడగకుంటనే ఆపుడు మొదలువెట్టింది. సఫారీ 2020ల బయటి కుకీలను మొత్తానికే బంద్ చేసింది. క్రోమ్ సుత రెండేండ్లల్ల తీసేస్తనని 2020ల మాటిచ్చింది. వాయిదాల మీద వాయిదాలు వేసి 2024ల ఆ ఆలోచనే మానుకున్నది. గూగుల్ రాబడిల ఎక్కువ వాటా ప్రకటనలదే. కూసున్న కొమ్మను ఎవలు నరుక్కుంటరు?

ఇన్‌కాగ్నిటో పెడితే ఎవ్వలికీ తెల్వదని మనోళ్లల్ల ఒక నమ్మకం ఉన్నది. అది మీ ఫోన్ల హిస్టరీ మిగలకుండ చేస్తది, గంతవరకే. సిమ్ కంపెనీకి, ఆ సైట్‌కు, కాలేజీ వైఫై నడిపేటోళ్లకు కనవడేది కనవడ్తనే ఉంటది. ఇన్‌కాగ్నిటోల ఉన్నప్పుడు సుత సమాచారం గుంజుతున్నదని అమెరికాల గూగుల్ మీద 2020ల కేసు పడ్డది. 2024ల ఆ రికార్డులు చెరిపేస్తమని కంపెనీ రాజీకొచ్చింది.

క్రోమ్ పనికిరాదని నేను చెప్తలేను. అన్ని సైట్లు అండ్ల నడుస్తయి. భద్రత అప్‌డేట్లు జల్ది వస్తయి. ఇంగ్లిష్ పేజీని ఒక్క ఒత్తుడుతోని తెలుగుల చూపిస్తది, అది మనసొంటోళ్లకు చిన్న సౌలత్ కాదు. అది ఎవలిదో, ఎట్ల బతుకుతదో ఎరిగి వాడుకోవాలె, గదే నా మాట.

మీ అక్కర ఏంది?

మంచి బ్రౌజర్ ఏదన్నా అని అడుగుతరు. ఎద్దును కొనేటోడు దున్నుడుకా, బండికా అని చూసుకోడా? ఇదీ గట్లనే.

డేటా తక్కువ, ఫోన్ పాతది, సిగ్నల్ అంతంతే ఉన్నదా? ఒపెరా మినీ చూడుండ్రి. అది పేజీని ముందుగాల తన సర్వర్లకు తెచ్చుకొని, పిండి చిన్నగ చేసి మనకు పంపుతది. డేటా బాగ మిగులుతది. కానీ మన పేజీ వాళ్ల సర్వర్ నుంచి వస్తున్నదని మర్చిపోవద్దు. బ్యాంక్ పనులు, పాస్‌వర్డ్ కొట్టే పనులు అండ్ల పెట్టుకోవద్దు. క్రోమ్‌ల సుత డేటా మిగిలిచ్చే లైట్ మోడ్ ఉండె, 2022ల తీసేసిన్రు. ఒకప్పుడు చిన్న ఫోన్లల్ల ఊరూరా ఉన్న యూసీ బ్రౌజర్‌ను మన సర్కారు 2020 జూన్‌ల మిగతా చైనా యాప్‌లతోపాటు నిషేధించింది. దాన్ని ఏడికెల్లో ఏపీకే ఫైల్ తెచ్చి ఎక్కించుకునేటోళ్లు ఇంకా ఉంటే జర ఆగుండ్రి, అది పాడుబడ్డ బాయిల దిగుడే.

ప్రకటనలతోని సతాయింపు అయితున్నదా? బ్రేవ్ బ్రౌజర్ ప్రకటనలను, ఎంటవడే చీటీలను మనం ఏ సెట్టింగూ మార్చకుంటనే ఆపుతది. లేదంటే ఫోన్ల ఫైర్‌ఫాక్స్ ఏసుకొని, దానికి యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ జోడించుకోవచ్చు. ఫోన్ల ఉండే క్రోమ్‌కు గసొంటివి జోడించుకునే వీలు లేదు. ప్రకటనలు పోతే పేజీ జల్ది తెర్చుకుంటది, డేటా మిగులుతది. బెట్టింగ్ యాప్‌ల, దొంగ లోన్ యాప్‌ల గాలం సుత కంట్ల పడది. ఆ గాలానికి చిక్కిన పోరగాండ్ల ఇండ్లల్ల ఏమైందో మీకు నేను చెప్పాల్నా?

చదువుకునేటందుకా? కంప్యూటర్‌ల మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌కు పేజీని పైకి చదివి వినిపించే సౌలత్ ఉన్నది, తెలుగు గొంతులు సుత ఉన్నయి. కండ్లు సరిగ కనవడనోళ్లకు, చదువురాని అమ్మకు, నాయినకు అది మస్తు పనికొస్తది. ఫైర్‌ఫాక్స్‌ల రీడర్ వ్యూ ఒత్తితే చెత్తంతా పోయి రాత ఒక్కటే మిగులుతది. ఫైర్‌ఫాక్స్ మెనూలను తెలుగుల పెట్టుకోవచ్చు. ఆ తెలుగు చేసింది జీతాలు తీసుకోని వాలంటీర్లు. చేయాలనుకుంటే మీరు సుత అండ్ల చెయ్యి వేయొచ్చు.

స్వదేశీ కావాల్నా? జోహో కంపెనీ ఉలా అనే బ్రౌజర్ తెచ్చింది. దేశీ బ్రౌజర్ల కోసం కేంద్రం పెట్టిన పోటీల 2025ల అదే మొదటి స్థానంల నిలిచింది.

కానీ ఇండ్ల ఒక కిటుకున్నది. బ్రౌజర్ లోపల ఇంజిన్ ఉంటది, పేజీని మనకు కనవడేటట్టు చేసేది అదే. ఎడ్జ్, బ్రేవ్, ఉలా, అన్నిటి లోపల ఉన్నది గూగుల్ నడిపే క్రోమియం ఇంజినే. పది హోటళ్ల బోర్డులు వేరేవేరే, అందరికీ పాలు పోసేది ఒక్కడే అన్నట్టు. వేరే ఇంజిన్‌తోని గట్టిగ నిలబడ్డవి సఫారీ, ఫైర్‌ఫాక్స్ రెండే. పాలు పోసేటోడు ఒక్కడే మిగిలితే ధర వాడు చెప్పిందే అయితది. అందుకే ఫైర్‌ఫాక్స్ బతికి ఉండుడు దాన్ని వాడనోళ్లకు సుత అవసరమే.

ఎవ్వలూ కడిగిన ముత్యాలు కారు. బ్రేవ్ 2020ల, మనం టైపు చేసే కొన్ని అడ్రసులకు తనకు కమీషన్ వచ్చే కోడ్ తగిలించి దొరికిపోయింది, తర్వాత తప్పైందని ఒప్పుకున్నది. ఫైర్‌ఫాక్స్‌కు వచ్చే పైసలల్ల ఎక్కువ భాగం గూగుల్ ఇచ్చేవే, గూగుల్ సెర్చ్‌ను ముందుగాల పెట్టినందుకు. ఎరిగి ఎంచుకోవాలె, గుడ్డిగ నమ్మొద్దు.

రెండు తలుపులు పెట్టుకోండ్రి

నా సలహా సులువైనది. ఫోన్ల రెండు బ్రౌజర్లు ఉంచుకోండ్రి. ఒకటి పైసల పనులకు, సర్కారు ఫారాలకు. దానికి క్రోమ్ పెట్టుకున్నా పర్వాలేదు, అండ్ల వేరే సైట్లు మాత్రం తెరవొద్దు. రెండోది ఊరంత తిరిగేటందుకు: వార్తలు, సినిమాలు, ఎవలో పంపిన లింకులు. దానికి బ్రేవో, ఫైర్‌ఫాక్సో పెట్టుండ్రి. బజార్ల తిరిగే చెప్పులతోని దేవునర్రల అడుగుపెట్టం గదా, గదే లెక్క.

మార్చుకునుడు కష్టం కాదు. ఫోన్ సెట్టింగ్స్‌ల యాప్స్, అండ్ల డిఫాల్ట్ యాప్స్, అండ్ల బ్రౌజర్ యాప్. తిరిగేటందుకు పెట్టుకున్నదాన్ని అక్కడ ఎంచితే, వాట్సాప్‌ల వచ్చే లింకులు దాంట్లనే తెర్చుకుంటయి. రెండు నిమిషాల పని. నచ్చకపోతే మళ్ల ఎనకకు మార్చుకోవచ్చు.

ఇంకో నాలుగు జాగ్రత్తలు ఏ బ్రౌజర్‌కైనా పనికొస్తయి. సైట్ తెరవంగనే నోటిఫికేషన్లకు అలౌ అంటరా అని అడిగితే వద్దనుండ్రి. పొద్దస్తమానం ఫోన్ల మోగే లాటరీ, వైరస్ బెదిరింపులు చానా మటుకు గా ఒక్క అలౌ వల్లనే. ఇప్పటికే ఒత్తి ఉంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌ల నోటిఫికేషన్ల కాడికి పోయి తీసేయుండ్రి. సర్కారు సైట్ అని లింక్ వస్తే అడ్రస్ చూడుండ్రి. మొదటి అడ్డగీతకు ముందు జీవోవీ డాట్ ఇన్ అని ముగుస్తున్నదా? నడుమల ఏడనో ఆ అక్షరాలు ఉంటే లెక్కల్లకు రాదు.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌ల లింక్ ఒత్తితే ఆ యాప్ లోపలనే పేజీ తెర్చుకుంటది. ఐఫోన్‌ల ఆ లోపలి బ్రౌజర్లు, మనం తెరిచిన సైట్లల్ల తమ కోడ్ దూరుస్తున్నయని 2022ల ఫెలిక్స్ క్రౌజ్ అనే పరిశోధకుడు చూపించిండు. అందుకే పైన మూడు చుక్కలు ఒత్తి, బయటి బ్రౌజర్‌ల తెరుసుకోండ్రి. నెట్ సెంటర్‌ల దరఖాస్తు పెట్టేటప్పుడు గెస్ట్ మోడ్ అడుగుండ్రి, పాస్‌వర్డ్ సేవ్ చేయాల్నా అంటే వద్దనుండ్రి.

ఇగ ఆఖరి మాట. ఇది ఒక్కొక్కలం ఎవల ఫోన్ వాళ్లం మార్చుకుంటే ముగిసే కథ కాదు. ఒకప్పుడు సర్కారు సైట్లు ఎక్స్‌ప్లోరర్‌లనే తెరవాలని బోర్డు పెట్టుకునేటియి. ఇప్పుడు కొన్ని క్రోమ్‌లనే సక్కగ నడుస్తయి. సర్కారు సైట్లను రకరకాల బ్రౌజర్లల్ల పరీక్షించి చూడాలని కేంద్రం రాసుకున్న మార్గదర్శకాలే చెప్తున్నయి. రేషన్ దుకాణానికి ఫలానా కంపెనీ చెప్పులేసుకొనే రావాలంటే ఊకుంటమా? ఫైర్‌ఫాక్స్‌ల తెర్చుకోని సైట్ కనవడితే స్క్రీన్‌షాట్ తీసి, ఆ సైట్ల ఉన్న ఫిర్యాదు మెయిల్‌కు పంపుండ్రి. పదిమంది పంపితే పట్టించుకోకపోవచ్చు. పది ఊర్ల పోరగాండ్లు పంపితే ఎవలో ఒకలు తెరిచి చూడక తప్పది.