ఎవరూ నొక్కని ప్లే బటన్

2017 ఆగస్టులో ఐట్యూన్స్ దుకాణంలోకి ఒక కొత్త పాట వచ్చింది. నిడివి దాదాపు 10 నిమిషాలు. అందులో మాట లేదు, వాయిద్యం లేదు, మొదటి నుంచి చివరిదాకా నిశ్శబ్దమే. పేరు ‘ఎ ఎ ఎ ఎ ఎ వెరీ గుడ్ సాంగ్’. సమీర్ మెజ్రాహీ అనే అమెరికన్ దాన్ని డాలరుకు ఒక సెంటు తక్కువ ధర పెట్టి అమ్మకానికి ఉంచాడు. జనం నిజంగానే కొన్నారు. ఎంతగా కొన్నారంటే, పేరున్న గాయకుల పాటల మధ్య అది కూడా అమ్మకాల పట్టికలోకి ఎక్కింది.

డబ్బిచ్చి నిశ్శబ్దం కొనుక్కోవలసిన అవసరం ఎందుకొచ్చింది? ఐఫోన్‌ను కారుకు కలపగానే చాలామందికి అందులోని పాటలు వాటంతటవే మొదలయ్యేవి. అంతకు ముందు ఏమీ వినకపోయి ఉంటే, ఫోన్ అక్షరక్రమంలో మొదటి పాట ఎత్తుకునేది. ఎడ్ షీరన్ పాట ‘ది ఎ టీమ్’ ఫోన్‌లో ఉన్నవాళ్లకు రోజూ అదే గిటారు, అదే పల్లవి. జాబితా కట్టేటప్పుడు ముందున్న ‘ది’ని లెక్కలోకి తీసుకోరు కాబట్టి ఆ పాట అన్నిటికన్నా ముందుకొచ్చి కూర్చుంది. మెజ్రాహీ పాటలో అన్ని ‘ఎ’లు వరసగా పేర్చడానికి కారణం కూడా ఇదే. అది జాబితాలో అన్నిటికన్నా పైన ఉండి పది నిమిషాలు మౌనంగా నడుస్తుంది. ఈలోగా డ్రైవరు తనకు కావలసింది తను పెట్టుకోవచ్చు.

ఐఫోన్ వాళ్లకే కాదు, ఆండ్రాయిడ్ వాళ్లకూ ఈ బాధ ఉంది. రాత్రి ఇంట్లో సగంలో ఆపిన పాట పొద్దున కారు తాళం తిప్పగానే గొంతెత్తుతుంది. చావింటికి పరామర్శకు వెళ్తున్న కారులో తీన్మార్ మోగితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అందరూ ఫోన్‌ను తిడతారు. నిజానికి తప్పు మొదలైంది కారులో. ఆ అలవాటు కారుకు ఎక్కడిదో తెలియాలంటే 1930 దాకా వెళ్లాలి.

రేడియో కారెక్కిన రోజు

షికాగోలో పాల్ గాల్విన్, జోసెఫ్ గాల్విన్ అనే అన్నదమ్ములకు ఒక చిన్న కంపెనీ ఉండేది. ఆర్థికమాంద్యం నడుస్తున్న కాలం. ఇంట్లో పెట్టుకునే రేడియోల వ్యాపారంలో పోటీ ఎక్కువైపోవడంతో, కారులో పెట్టే రేడియో మీద వాళ్ల కన్ను పడింది. ఎల్మర్ వేవరింగ్, విలియం లియర్ అనే ఇద్దరు ఆ పనిలో చేయి వేశారు.

పెద్ద చిక్కు ఇంజనుతోనే వచ్చింది. పెట్రోలును మండించడానికి స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వ కొడుతుంది. అలా కొట్టిన ప్రతిసారీ రేడియో తరంగాలు కూడా పుడతాయి. వాటిని పక్కనే ఉన్న ఏరియల్ పట్టుకుంటే స్పీకరులో చిటపటలు తప్ప పాట వినిపించదు. ఆ రొదను ఒక్కో చోటా వెతికి అణిచిపెట్టాక గాని సెట్టు దారికి రాలేదు. 1930 జూన్‌లో అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సభ జరిగింది. లోపల దుకాణం పెట్టుకునే స్తోమత లేక పాల్ గాల్విన్ తన కారును బయట నిలిపి, రేడియో సౌండు పెంచి, వచ్చేపోయేవాళ్లకు వినిపించాడు. ఆర్డర్లు వచ్చాయి. ఆ సెట్టుకు మోటరోలా అని పేరు పెట్టారు. 1947లో కంపెనీ కూడా అదే పేరు పెట్టుకుంది.

నడిపేవాడి దృష్టి చెదురుతుందన్న మాట అప్పుడే లేచింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ నగరంలో కారు రేడియోను నిషేధించాలన్న ప్రతిపాదనలు వచ్చాయి. ఆ వాదన నిలవలేదు, రేడియో నిలిచింది. దాంతోపాటు ఒక పద్ధతి కూడా స్థిరపడింది. రేడియో స్విచ్ వేసి ఉంచి బండి ఆపితే, మళ్లీ బండి తీసినప్పుడు అది మోగుతుంది. దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. ఏ పాట రావాలో స్టేషన్ వాళ్ల ఇష్టం, వినేవాడి ఇష్టాయిష్టాలతో దానికి పని లేదు.

పెట్టడమంటే పాడమనడమే

ముప్పై అయిదేళ్ల తర్వాత విలియం లియర్ మళ్లీ కనిపిస్తాడు. ఈలోగా ఆయన లియర్‌జెట్ విమానాల తయారీదారుగా పేరు సంపాదించాడు. 1965లో ఆయన సంస్థ ఎయిట్ ట్రాక్ టేపును తెచ్చింది. ఫోర్డ్ కంపెనీ తన 1966 మోడల్ కార్లలో దాని ప్లేయరును అమర్చి ఇచ్చింది. అరచేతికి నిండుగా వచ్చే ప్లాస్టిక్ డబ్బాలో టేపు మొదలూ చివరా కలిపి అతికించి ఉంటుంది. అందువల్ల వెనక్కి తిప్పే పని లేదు, పాట అలా తిరుగుతూనే ఉంటుంది. డబ్బాను లోపలికి తోస్తే పాడుతుంది, బయటికి లాగితే ఆగుతుంది. చాలా సెట్లకు విడిగా ప్లే బటనే లేదు.

1963లో ఫిలిప్స్ కంపెనీ బెర్లిన్‌లో బయటపెట్టిన క్యాసెట్టు, కార్లలోకి వచ్చాక ఇదే దారి పట్టింది. డెక్కులోకి తోయగానే మొదలు. బండి ఆపితే చరణం మధ్యలో తెగినా, మళ్లీ బండి తీస్తే అక్కడి నుంచే అందుకుంటుంది. మన అంబాసిడర్లలో, లారీల్లో క్యాసెట్లు మోగిన రోజులు గుర్తున్నవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. క్యాసెట్టును ఎంచుకున్నది మనిషి. డాష్‌బోర్డు అరలో నాలుగు ఉంటే అందులో ఒకటి తీసి, చేత్తో లోపలికి తోశాడు. డెక్కులో క్యాసెట్టు ఉందంటే అది పాడాలని ఎవరో కోరుకున్నారన్నమాట. యంత్రం ఆ కోరికను గుర్తుపెట్టుకుని నెరవేర్చింది, అంతే. జేబులో ఫోన్ ఉన్నంతమాత్రాన అలాంటి కోరిక ఉన్నట్టు కాదు. ఫోన్ మాట్లాడటానికి, దారి చూసుకోవడానికి, డబ్బు కట్టడానికి మనతో ఉంటుంది. పాటలు కూడా అందులోనే ఉన్నాయి. కారు మాత్రం దాన్ని క్యాసెట్టు లెక్కనే చూస్తోంది.

గాలిలో వెళ్లే ఆజ్ఞ

సొంత బుర్ర ఉన్న ప్లేయరును కారు నడపడం 2004 నాటి ముచ్చట. ఆ ఏడాది బీఎమ్‌డబ్ల్యూ, ఆపిల్ కలిసి ఐపాడ్‌ను కారుకు కలిపే పరికరాన్ని తెచ్చాయి. పాట మార్చాలంటే స్టీరింగ్ మీది బటన్ నొక్కితే చాలు. ఆ తర్వాత వైరు కూడా అక్కర్లేకుండా పోయింది.

బ్లూటూత్ పని 1994లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో, ఎరిక్సన్ కంపెనీలో మొదలైంది. యాప్ హార్ట్‌సెన్ అనే డచ్ ఇంజనీరు దాని రేడియో పద్ధతికి రూపమిచ్చాడు. 1998లో ఎరిక్సన్, నోకియా, ఐబీఎమ్, ఇంటెల్, తోషిబా కలిసి దాన్ని ఉమ్మడి ప్రమాణంగా ముందుకు తెచ్చాయి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో 79 చానళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ సమాచారం పంపడం దీని కిటుకు. ఒక చానల్లో రొద ఉంటే ఇంకోదాంట్లో పని జరిగిపోతుంది.

కారుకూ ఫోన్‌కూ మధ్య నిజానికి ఒక బంధం కాదు, మూడు ఉంటాయి. కాల్స్ కోసం ఒకటి. స్టీరియో సంగీతం మోసుకురావడానికి ఇంకొకటి. ప్లే, పాజ్, తరువాతి పాట లాంటి ఆజ్ఞలకు మూడోది. మన కథ ఈ మూడోదాని దగ్గర తిరుగుతుంది. ఈ ఆజ్ఞల పద్ధతిని బ్లూటూత్ వాళ్లు కొత్తగా కనిపెట్టలేదు. టీవీలను, వీడియో రికార్డర్లను వైరుతో కలిపి ఒకదాన్నుంచి ఇంకోదాన్ని నడపడానికి రాసుకున్న నియమాలను తెచ్చి వాడుకున్నారు. అంటే అది పుట్టుకతోనే రిమోట్ కంట్రోలు భాష.

ఆ ఆజ్ఞ ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూద్దాం. అసలు సంగతంతా ఒకే ఒక్క బైటులో ఇమిడిపోతుంది. బైటు అంటే ఎనిమిది బిట్లు. అందులో ఏడు బిట్లు ఏ బటనో చెబుతాయి. ప్లేకు 44, స్టాప్‌కు 45, పాజ్‌కు 46. ఈ అంకెలు కంప్యూటర్ వాళ్లు వాడే పదహారు అంకెల లెక్కలో ఉంటాయి. మిగిలిన ఆ ఒక్క బిట్టు బటన్ నొక్కారా, వదిలారా అన్నది చెబుతుంది. సున్నా ఉంటే నొక్కినట్టు, ఒకటి ఉంటే వదిలినట్టు. కాబట్టి ప్లే అన్న ఆజ్ఞ రెండు ముక్కలుగా వెళ్తుంది, ముందు నొక్కడం, ఆ వెంటనే వదలడం.

ఏ బటనో ఉంది, నొక్కడమూ వదలడమూ ఉన్నాయి. ఎవరు నొక్కారన్నది మాత్రం ఎక్కడా లేదు. కాలింగ్ బెల్ మోగితే తలుపవతల చుట్టమా, కొరియర్ అబ్బాయా అన్నది మోతను బట్టి తెలియదు కదా, ఇదీ అంతే. వేలు తగలకుండానే కారులోని ప్రోగ్రాము తనే ఆ రెండు ముక్కలూ పంపితే, ఫోన్‌కు అది మనిషి నొక్కినట్టే ఉంటుంది.

రోజూ జరిగేది ఇదే. తాళం తిప్పగానే కారు స్టీరియో మేలుకుంటుంది. తన జాబితాలో చివరగా కలిసిన ఫోన్ కోసం పిలుస్తుంది. ఫోన్ పలుకుతుంది, పాత రహస్య సంకేతం సరిపోలుతుంది, మూడు బంధాలూ ఒకదాని వెంట ఒకటి కుదురుతాయి. నిన్న బండి ఆపినప్పుడు తాను బ్లూటూత్ మీద ఉన్నానని స్టీరియోకు గుర్తుంటుంది. పాత డెక్కు అలవాటు ప్రకారం ప్లే అంటుంది. ఫోన్ ఆ ఆజ్ఞను చివరగా పాడిన యాప్‌కు అందిస్తుంది. అలాంటిదేదీ లేకపోతే ఐఫోన్ సాధారణంగా తన సొంత మ్యూజిక్ యాప్‌ను లేపుతుంది. అది జాబితాలో పైనున్న పాటను అందుకుంటుంది.

ఎక్కడ ఆపాలి

మూలం కారులో ఉంది కాబట్టి వెతకడం కూడా అక్కడే మొదలుపెట్టాలి. కొన్ని స్టీరియోల సెట్టింగుల్లో ఆటో ప్లే అని ఉంటుంది, దాన్ని ఆపేస్తే సరి. అది లేని బండిలో, ఇంజను ఆపే ముందు స్టీరియోను ఎఫ్ఎమ్‌కు మార్చి సౌండు తగ్గించి దిగితే చాలాసార్లు పని జరుగుతుంది. మరుసటి రోజు దానికి గుర్తుండేది రేడియోయే.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో బ్లూటూత్ జాబితాకు వెళ్లి కారు పేరు పక్కనున్న గుర్తు నొక్కితే కాల్స్, మీడియా ఆడియో విడివిడిగా కనిపిస్తాయి. మీడియా ఆడియో తీసేస్తే కాల్స్ కారులోనే వస్తాయి, పాటలు రావు. అయితే మ్యాపు చెప్పే దారి కూడా ఎక్కువగా ఆ బంధం మీదే వస్తుంది కాబట్టి, ఆ గొంతు ఫోన్ స్పీకరులోనే వినపడుతుంది. ఆండ్రాయిడ్ ఆటో వాడేవాళ్లకు దాని సెట్టింగుల్లోనే సంగీతం తనంతట తాను మొదలవ్వాలా వద్దా అని అడిగే స్విచ్ ఉంది.

ఐఫోన్‌లో అలాంటి సూటి స్విచ్ లేదు. షార్ట్‌కట్స్ యాప్‌లో ఒక ఏర్పాటు చేసుకోవాలి. కారు బ్లూటూత్ కలవగానే కొన్ని సెకన్లు ఆగి పాజ్ కొట్టమని అందులో చెప్పిపెట్టాలి. ఆ కొన్ని సెకన్లే ముఖ్యం. కలిసిన కాసేపటికి గాని కారు ప్లే అనదు. మన పాజ్ ముందే వెళ్లిపోతే వెనకొచ్చిన ప్లేదే గెలుపు.

చార్జింగ్ కోసం కారు యూఎస్‌బీ రంధ్రంలో వైరు పెట్టినా ఇదే గోల. మామూలు యూఎస్‌బీ వైరులో రెండు తీగలు కరెంటుకు, రెండు సమాచారానికి. ఆ రెండో జత మీదుగా కారు ఆజ్ఞలు పంపుతుంది. పాత సిగరెట్ లైటర్ సాకెట్‌కు చార్జరు తగిలిస్తే కరెంటే వస్తుంది, పెత్తనం రాదు. పాటల యాప్‌లలో ఆటోప్లే అని ఉండే సెట్టింగ్ మాత్రం ఇందుకు పనికిరాదు. మనం పెట్టిన పాటలు అయిపోయాక అలాంటివే ఇంకొన్ని వేయాలా అన్నదే దాని పని.

ఇవన్నీ వాడుకునేవాడు పడే పాట్లు. తయారుచేసేవాడు తలుచుకుంటే ఇంత తిప్పలు అక్కర్లేదు. పొద్దున బండి తీయగానే నిన్నటి పాట అక్కడి నుంచే రావాలని కోరుకునేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల సుఖం చెడగొట్టనక్కర్లేదు. స్టీరియోకు ఇప్పటికే నిన్న ఏ దారిన విన్నామో గుర్తుంటోంది. దానితో పాటు ఇంజను ఆపేటప్పుడు పాట మోగుతోందా, ఆగి ఉందా అన్నది కూడా గుర్తుంచుకుంటే చాలు. మోగుతూ ఉంటే ప్లే అనాలి, ఆగి ఉంటే ఊరుకోవాలి. అవును కాదులకు ఒక్క బిట్టు సరిపోతుంది. ఎవరు నొక్కారో ఆ బైటులో చెప్పే చోటు లేకపోయినా, అసలు నొక్కాలా వద్దా అన్నది కారు తన దగ్గరే తేల్చుకోవచ్చు.