సముద్రపు బూజు గుట్టు రట్టు!

మీకు తెలుసా? సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్‌లకు మూలమైన బూజు దొరికింది ఇటలీలోని సార్డీనియా దీవిలో, కాల్యరి పట్టణపు మురుగు సముద్రంలో కలిసేచోట! 1945లో ఆ నీళ్ళు పరీక్షించింది ప్రొఫెసర్ జుసెప్పె బ్రోట్జు. ముక్కు మూసుకున్నారో లేదో చరిత్ర చెప్పలేదు!

మీకు తెలుసా? ఆ ఫలితాల్ని ఆయన 1948లో తన సంస్థ పత్రికలోనే అచ్చేశారు. ఆ పత్రిక అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదట! ఒక్క సంచిక కొంటే పూర్తి సెట్టు దక్కినట్టే!

మీకు తెలుసా? ఆ బూజుని ఆక్స్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ అబ్రహామ్, గై న్యూటన్ పరీక్షించారు. 1953లో ఆ బూజు తయారుచేసే సెఫలోస్పోరిన్-ఎన్‌ని శుద్ధిచేస్తుంటే అందులో కొద్దిగా ఇంకేదో తగిలింది. అదే సెఫలోస్పోరిన్-సి! కల్తీసరుకే హీరో అయింది!

మీకు తెలుసా? సెఫలోస్పోరిన్-సి అణువులో 16 కార్బన్లు, 21 హైడ్రోజన్లు, 8 ఆక్సిజన్లు, 3 నైట్రోజన్లు, ఒకే ఒక్క గంధకం. మొత్తం 49 పరమాణువులు! ఎవరెక్కడున్నారో తేల్చాలి, కంటికి ఒక్కరూ కనపడరు!

మీకు తెలుసా? అది తేల్చడానికి ఆ పదార్థపు స్ఫటికం గుండా ఎక్స్-కిరణాలు పంపితే ఫిల్ము మీద పడేది అణువు బొమ్మ కాదు, ఉత్త చుక్కలు! ఏ చుక్క ఎంత నల్లగా ఉందో కొలిచి, లెక్కకట్టి బొమ్మ రాబట్టాలి. చుక్కలు పెట్టేసి, ముగ్గు మీరే కలుపుకోండన్నట్టు!

మీకు తెలుసా? 1961లో అబ్రహామ్, న్యూటన్ రసాయన పరీక్షలతోనూ, డొరొతీ హాడ్జ్‌కిన్, మాస్లెన్ ఎక్స్-కిరణాలతోనూ ఆ అణువు నిర్మాణానికి ఒకే జవాబు చెప్పారు. బూజు దొరికాక 16 ఏళ్ళకు! ఏడాదికో కార్బన్ లెక్కన!

మీకు తెలుసా? పెన్సిలిన్‌లో నాలుగు మూలల వలయానికి ఐదు మూలల వలయం అతుక్కుని ఉంటుంది. సెఫలోస్పోరిన్‌లో ఆ రెండోదానికి ఆరు మూలలు. మీ ఇంట్లో ఉన్న సెఫిక్సిమ్ బిళ్ళలోనూ అంతే! మురుగునీటి చుట్టరికం మాత్రం అట్టమీద వేయరు!

మీకు తెలుసా? 1964లో హాడ్జ్‌కిన్‌కి నోబెల్ వస్తే, ఆక్స్‌ఫర్డ్ గృహిణికి నోబెల్ అని శీర్షిక పెట్టిందో బ్రిటిష్ పత్రిక! పెన్సిలిన్, విటమిన్ బి12 అణువుల గుట్టు విప్పినావిడండీ, పులిహోరకిచ్చారనుకున్నారా!

మీకు తెలుసా? 1965లో నోబెల్ అందుకున్న రాబర్ట్ వుడ్‌వర్డ్, తన నోబెల్ ఉపన్యాసంలో సెఫలోస్పోరిన్-సిని ప్రయోగశాలలో మొదటినుంచీ ఎలా కట్టారో బయటపెట్టారు. బహుమతేమో పాత పనికి, ప్రసంగమేమో కొత్త సరుకు!