అమెరికా ప్రయాణమా? గంటల లెక్క తెలుసుకోండి!

అమ్మాయి పురిటికనో, మనవణ్ణి చూడ్డానికనో అమెరికా బయల్దేరే అమ్మల్ని తికమక పెట్టేది టిక్కెట్టు మీది టైము.

2021 జనవరిలో ఎయిరిండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఎక్కడా ఆగని విమానాన్ని మొదటిసారి నడిపింది. కెప్టెన్ జోయా అగర్వాల్‌తో సహా కాక్‌పిట్‌లోని నలుగురూ ఆడవాళ్లే! అక్కడ శనివారం రాత్రి బయల్దేరిన విమానం ఇక్కడ సోమవారం తెల్లవారుజామున దిగింది. మరి ఆదివారం ఏమైనట్టు? నిజానికి ప్రయాణం దాదాపు 17 గంటలే. మిగతాదంతా గడియారాల తేడా. చలికాలంలో మన టైము ఆ ఊరికంటే 13 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. వేసవిలో అయితే ఒక గంట తక్కువ.

రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 14 వేల కిలోమీటర్లు. పిల్లల గ్లోబు మీద రెండింటినీ కలుపుతూ దారం బిగించి చూడండి. ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. అదే దగ్గరి దారి. ఆ విమానమూ ధ్రువం మీదుగానే వచ్చింది.

ఈ లెక్కలు మనకెందుకంటారా? షుగరు, బీపీ ఉన్నవాళ్లకి చాలా అవసరం. గడియారం చూసి మందు వేసుకుంటే ఒక పూట ఎగిరిపోవచ్చు, లేదా వెంటవెంటనే రెండుసార్లు పడొచ్చు. ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారు ప్రయాణం ఎన్ని గంటలో చెప్పి, ఎప్పుడెంత తీసుకోవాలో డాక్టరు చేత ముందే రాయించుకోండి. చేతి గడియారాన్ని దిగేదాకా మన టైములోనే ఉంచుకోండి. మందులు పెద్ద పెట్టెలో కాదు, చేతిసంచిలోనే పెట్టుకోండి. మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయడం, మంచినీళ్లు తాగడం మరిచిపోకండేం!