అమెరికా పెరిగిన దారిలో చెరోకీలు

హైస్కూల్లో గానీ, ఆ తర్వాత పోటీ పరీక్షల కోసం గానీ మనం చదివే అమెరికా చరిత్ర ఒక చోట ఆగి, ఒక్కసారిగా గంతు వేస్తుంది. బోస్టన్ తేనీటి విందు, 1776 స్వాతంత్ర్య ప్రకటన, జార్జి వాషింగ్టన్ వరకు చదువుతాం. పేజీ తిప్పగానే అబ్రహాం లింకన్, 1861 అంతర్యుద్ధం వస్తాయి. మధ్యలో ఎనభై ఏళ్లు ఏం జరిగిందో మనల్ని ఎవరూ అడగరు కాబట్టి మనమూ చదవం. కానీ తూర్పు తీరాన పదమూడు రాష్ట్రాలుగా ఉన్న చిన్న దేశం ఖండమంత దేశంగా మారడం మొదలైంది ఆ ఏళ్లలోనే. ఎవరి నేల మీద, ఎవరి చాకిరీతో అన్నది కూడా అప్పుడే తేలిపోయింది.

మనకు ఆ దేశంతో సంబంధం లేకపోలేదు. మహాత్మా జ్యోతిరావు ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ గ్రంథాన్ని నల్లజాతి బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకే అంకితం చేశాడు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో చదువుకోవడానికి వెళ్లింది న్యూయార్క్ నగరంలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి. ఇంకో చిన్న సంగతి కూడా చెప్పుకుందాం. 1781లో యార్క్‌టౌన్ దగ్గర అమెరికన్లకు లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కారన్‌వాలీసు, మన పుస్తకాల్లో 1793 శాశ్వత శిస్తు విధానం పెట్టిన కారన్‌వాలీసు ఒక్కడే. అక్కడ ఓడి ఇక్కడికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. ఆ విధానమే 1802 నుంచి మన ఉత్తర సర్కారు జిల్లాల్లోకీ వచ్చి జమీందార్లను స్థిరపరచింది.

ముందుగా 1787 రాజ్యాంగం దగ్గర మొదలుపెడదాం. అందులో ‘బానిస’ అనే మాట ఎక్కడా కనిపించదు గానీ బానిసల లెక్క మాత్రం ఉంది. ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లు అన్నది జనాభాను బట్టి ఉండాలి. మరి బానిసలను జనాభాలో కలపాలా, వద్దా? ఇక్కడ చాలామంది పొరబడతారు. బానిసలను పూర్తిగా లెక్కలోకి తీసుకోవాలన్నది బానిసలను ఉంచుకున్న దక్షిణాది రాష్ట్రాలు. అసలు లెక్కించవద్దన్నది ఉత్తరాది. దక్షిణాదివారికి వాళ్ల మీద ప్రేమ పొంగి అలా అనలేదు. ఓటు లేని మనుషుల తలలు చూపించి తమకు ఎక్కువ సీట్లు రాబట్టుకోవాలన్నది వాళ్ల ఎత్తు. చివరకు ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కించాలని బేరం కుదిరింది. 1790 మొదటి జనగణనలో దేశం మొత్తం 39 లక్షల మంది ఉంటే, అందులో దాదాపు 7 లక్షల మంది బానిసలు. ఆ లెక్కతో పెరిగిన సీట్లలో కూర్చున్నది యజమానులే.

అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలెక్టోరల్ ఓట్లు కూడా ఈ సీట్లను బట్టే ఉంటాయి. 1800 ఎన్నికల్లో థామస్ జెఫర్‌సన్‌కు 73, జాన్ ఆడమ్స్‌కు 65 వచ్చాయి. బానిసల లెక్క కలిసిన ఓట్లు తీసేస్తే ఆడమ్స్ గెలిచేవాడని చాలామంది చరిత్రకారులు అంటారు. మనుషులందరూ సమానంగా పుట్టారని 1776 ప్రకటన రాసిన చెయ్యి జెఫర్‌సన్‌దే. ఆయన దగ్గర జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా బానిసలు ఉన్నారు.

1803లో జెఫర్‌సన్‌కు ఊహించని అవకాశం వచ్చింది. మిసిసిపి నది ముఖద్వారంలోని న్యూ ఆర్లీన్స్ రేవు కొనడానికి ఆయన మనుషులను పారిస్ పంపాడు. నెపోలియన్ మొత్తం లూసియానా ప్రాంతమే తీసుకొమ్మన్నాడు. కోటీ యాభై లక్షల డాలర్లకు సుమారు 8,28,000 చదరపు మైళ్లు, అంటే ఎకరం మూడు సెంట్లలోపే. ఒక్క సంతకంతో దేశం విస్తీర్ణం రెట్టింపయింది. అంత చవగ్గా నెపోలియన్ ఎందుకు అమ్మాడన్నది మన పుస్తకాల్లో ఉండదు. కరీబియన్ దీవుల్లో ఫ్రాన్సుకు బంగారు బాతులాంటి చక్కెర వలస ఒకటి ఉండేది, ఇప్పటి హైతీ. అక్కడి నల్ల బానిసలు 1791లో తిరగబడ్డారు. వాళ్లకు నాయకుడైన టూసాంట్ లూవర్చూర్ కూడా ఒకప్పటి బానిసే. 1802లో నెపోలియన్ పంపిన సైన్యం వాళ్ల చేతుల్లోనూ, పచ్చజ్వరంతోనూ నాశనమైంది. చక్కెర దీవి చేజారాక దానికి తిండిగింజలు పంపాల్సిన లూసియానాతో ఫ్రాన్సుకు పని లేకపోయింది. అంటే అమెరికా రెట్టింపు కావడానికి ఒక ముఖ్య కారణం బానిసల తిరుగుబాటు. 1804 జనవరి 1న హైతీ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అమెరికా దాన్ని దేశంగా గుర్తించింది 1862లో. మేలు చేసినవాళ్లకు ఇచ్చిన బహుమానం అది!

అయితే నెపోలియన్ అమ్మిన ఆ నేల నిజానికి ఆయనది కాదు. దాని మీద ఎన్నో ఆదివాసీ జాతులు బతుకుతున్నాయి. వాళ్లనెవరూ అడగలేదు. (మన పుస్తకాలు వాళ్లను ‘రెడ్ ఇండియన్లు’ అంటాయి. మేము ఇక్కడ ఆదివాసులు అనే రాస్తున్నాం.) ఆదివాసుల నుంచి భూమి ఎలా రాబట్టాలో జెఫర్‌సన్ 1803 ఫిబ్రవరిలోనే ఇండియానా గవర్నరు హారిసన్‌కు రహస్యంగా ఉత్తరం రాశాడు. ప్రభుత్వ వర్తక కేంద్రాల్లో వాళ్ల పెద్దలకు అప్పులు పెరగనివ్వాలట. తీర్చలేనంత అయ్యాక వాళ్లే నేల రాసిచ్చి బయటపడతారట. చిట్టా రాసే కొట్టువాడి చేతిలోకి పొలం ఎలా పోతుందో తెలిసిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం కాబట్టి, ఇది మనకు విడమరచి చెప్పనక్కరలేదు.

1812లో అమెరికా మళ్లీ బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించింది. సముద్రం మీద అమెరికా ఓడలను ఆపి నావికులను బలవంతంగా తమ నౌకాదళంలో చేర్చుకోవడం, వ్యాపారానికి అడ్డుపడడం పైకి చెప్పిన కారణాలు. హెన్రీ క్లే వంటి యువ నాయకులకు లోపల ఇంకో ఆలోచన ఉంది. పడమట ఆదివాసులకు బ్రిటిష్ అండ తీసేస్తే ఆ నేల ఖాళీ అవుతుంది. సభలో 79 మంది అవునని, 49 మంది కాదని ఓటు వేశారు. 1814 ఆగస్టు 24న బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్ నగరంలోకి వచ్చి అధ్యక్ష భవనాన్నే తగలబెట్టింది. ఆ డిసెంబరులో గెంట్ నగరంలో సంధి కుదిరింది. కబురు చేరేలోపే 1815 జనవరి 8న న్యూ ఆర్లీన్స్ దగ్గర ఆండ్రూ జాక్సన్ బ్రిటిష్ సేనను చిత్తు చేసి దేశానికి వీరుడయ్యాడు.

సంధిలో బ్రిటన్, అమెరికా సరిహద్దులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎవరూ ఓడలేదని పరీక్షల్లో రాస్తాం. ఓడినవాళ్లు ఉన్నారు. జాతులన్నిటినీ ఒక్కటి చేయాలని తిరిగిన షానీ నాయకుడు టెకుమ్సే 1813 అక్టోబరులో యుద్ధంలో మరణించాడు. ఆదివాసులకు వాళ్ల పాత భూములు తిరిగి ఇస్తామని సంధిలో రాసుకున్న మాట కాగితం మీదే మిగిలింది. 1814 మార్చిలో హార్స్‌షూ బెండ్ దగ్గర జాక్సన్ క్రీక్ జాతిలోని తిరుగుబాటు వర్గాన్ని తుడిచిపెట్టాడు. తర్వాత సంధి పేరుతో 2 కోట్ల 30 లక్షల ఎకరాలు రాయించుకున్నాడు. అందులో తన పక్షాన పోరాడిన క్రీకుల నేల కూడా ఉంది. ఆ యుద్ధంలో జాక్సన్‌కు సాయంగా నది ఈది శత్రువుల పడవలు పట్టుకొచ్చినవాళ్లు చెరోకీలు. చెరోకీ సేనలో ఆనాడు ఉన్న ఇద్దరి పేర్లు గుర్తుంచుకోండి: సెకోయా, జాన్ రాస్.

క్రీకుల నుంచి తీసుకున్న నేల పత్తి పండే నేల. 1793లో ఎలీ విట్నీ గింజలు తీసే యంత్రం కనిపెట్టాక పత్తికి గిరాకీ విపరీతంగా పెరిగింది. యంత్రం వస్తే కూలీల కష్టం తగ్గుతుందనుకుంటాం. ఇక్కడ గింజ తీయడం తేలికైంది కాబట్టి ఇంకా ఎక్కువ పత్తి వేశారు, ఏరడానికి ఇంకా ఎక్కువ చేతులు కావలసి వచ్చాయి. 1790లో 7 లక్షలున్న బానిసలు 1830 నాటికి 20 లక్షలయ్యారు. బయటి నుంచి బానిసలను తేవడం 1808లో నిషేధించారు కాబట్టి పాత రాష్ట్రాల నుంచి తల్లిని ఒకరికి, బిడ్డను ఒకరికి అమ్మి దక్షిణానికి నడిపించారు. మిసిసిపి 1817లో, అలబామా 1819లో రాష్ట్రాలయ్యాయి. పత్తికీ అలబామాకూ పక్కనే, జార్జియా కొండల్లో చెరోకీలు మిగిలారు.

ఈ చెరోకీల గురించి కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. నాగలి పట్టండి, మగ్గం నేయండి, చదువుకోండి, మాలాగా అయితే మీ నేల మీకుంటుంది అని ప్రభుత్వం వాళ్లకు చెబుతూ వచ్చింది. వాళ్లు అన్నీ చేశారు. సెకోయా వెండిపని చేసే మనిషి. ఇంగ్లీషు చదవడం, రాయడం రాదు. కాగితం మీద గుర్తులతో తెల్లవాళ్లు మాట్లాడుకోవడం చూసి మన భాషకు ఎందుకు ఉండకూడదనుకున్నాడు. ఏళ్ల తరబడి ఇంటి పని మాని గీతలు గీస్తూ కూర్చుంటే అందరూ పిచ్చివాడన్నారు. 1821 నాటికి 86 గుర్తులతో లిపి తయారైంది. అందులో ఒక్కో గుర్తు ఒక్కో అక్షరధ్వనికి, మన క, కి, కు లాగా. కాకపోతే గుణింతం లేదు. ‘క’కూ ‘కి’కీ పోలికే ఉండదు, వేరు వేరు గుర్తులు. అయినా మాట్లాడడం వచ్చినవాడు కొద్ది వారాల్లో చదవడం నేర్చుకునేవాడు. బడి లేకుండానే, ఒకరి నుంచి ఒకరికి, కొన్నేళ్లలో జాతి అంతా పాకింది. 1827లో వాళ్లు రాతపూర్వకంగా రాజ్యాంగం రాసుకున్నారు. 1828 ఫిబ్రవరి 21న న్యూ ఎకోటా అనే తమ రాజధాని నుంచి ‘చెరోకీ ఫీనిక్స్’ పత్రిక వెలువడింది. చెరోకీలోనూ, ఇంగ్లీషులోనూ. ఎలియాస్ బౌడినాట్ సంపాదకుడు.

ఇక్కడ దాచకూడని సంగతి ఒకటుంది. ‘మాలాగా అవండి’ అన్న మాటలో బానిసలను ఉంచుకోవడం కూడా ఉంది. 1835 లెక్కల్లో చెరోకీల దగ్గర దాదాపు 1,600 మంది నల్ల బానిసలున్నారు. పైవాడు తొక్కుతుంటే కిందివాణ్ణి తొక్కడం ఒక్క మన దేశపు జబ్బే కాదన్నమాట.

1828లోనే రెండు ఘటనలు జరిగాయి. జాక్సన్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. ఇంచుమించు అదే సమయంలో జార్జియాలోని చెరోకీ కొండల్లో బంగారం దొరికింది. చెరోకీ చట్టాలు చెల్లవని జార్జియా ప్రకటించింది. 1830లో జాక్సన్ ఆదివాసుల తరలింపు చట్టం తెచ్చాడు. మిసిసిపికి తూర్పున ఉన్న జాతులు పడమటికి పోవాలి, బదులుగా అక్కడ నేల ఇస్తారు. ప్రతినిధుల సభలో 102 మంది అవునంటే 97 మంది కాదన్నారు. ఐదు ఓట్ల తేడా. బానిసల తలల లెక్క మీద దక్షిణాదికి దక్కిన అదనపు సీట్లు ఐదుకు ఎంతో ఎక్కువ. ఒకరిని లెక్కించిన తీరు ఇంకొకరి ఇల్లు కూల్చింది.

జాన్ రాస్ అప్పటికి చెరోకీల ముఖ్యనాయకుడు. ఆయుధం పట్టలేదు, కోర్టుకు వెళ్లాడు. 1831లో సుప్రీంకోర్టు మీరు విదేశమూ కాదు, రాష్ట్రమూ కాదు, విచారించలేమంది. 1832లో సామ్యూల్ వోర్సెస్టర్ అనే మిషనరీ కేసులో మాత్రం ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్, చెరోకీ నేల మీద జార్జియా చట్టాలు చెల్లవని స్పష్టంగా తీర్పు ఇచ్చాడు. గెలిచారు! కానీ జార్జియా తీర్పును లెక్కచేయలేదు. జాక్సన్ దాన్ని అమలు చేయించడానికి వేలు కదపలేదు. తీర్పు ఇచ్చినవాడే అమలు చేసుకోనీ అని జాక్సన్ అన్నట్టు ఒక మాట ప్రచారంలో ఉంది గానీ, ఆయన నిజంగా అన్నట్టు ఆధారం లేదు. అనకపోయినా జరిగింది అదే. అదే ఏడాది జార్జియా చెరోకీల పొలాలను లాటరీ వేసి తెల్లవాళ్లకు పంచింది.

అప్పుడు ఇంట్లో చీలిక వచ్చింది. ఇక నిలబడలేం, వచ్చింది తీసుకుని పోదామన్నవాళ్లలో పత్రికా సంపాదకుడు బౌడినాట్ కూడా ఉన్నాడు. ఆయనను ద్రోహి అని ఒక్క మాటలో కొట్టిపారేయడం తేలిక. కళ్ల ముందు ఇళ్లు పోతుంటే జాతి మిగలాలని అతను అనుకున్నాడని మాకు అనిపిస్తుంది. అయితే సంతకం పెట్టే అధికారం జాతి అతనికి ఇవ్వలేదు. 1835 డిసెంబరు 29న కొద్దిమంది మాత్రమే కలిసి 50 లక్షల డాలర్లకు తూర్పు నేలంతా వదులుకునే న్యూ ఎకోటా ఒప్పందంపై సంతకాలు చేశారు. రాస్ దాదాపు జాతి మొత్తం సంతకాలతో వినతిపత్రం వాషింగ్టన్ పట్టుకెళ్లాడు. సెనేట్ వినలేదు. కావలసిన మూడింట రెండు వంతుల కంటే ఒక్క ఓటు మాత్రమే ఎక్కువతో 1836లో ఒప్పందం ఆమోదం పొందింది.

1838 వేసవిలో జనరల్ విన్‌ఫీల్డ్ స్కాట్ సైనికులు ఇల్లిల్లూ తిరిగారు. అన్నం ముందు కూర్చున్నవాళ్లను ఉన్నపళంగా లేపి కర్రల దడి కట్టిన శిబిరాల్లో పెట్టారు. ఎండాకాలమంతా అక్కడే, విరేచనాలు, జ్వరాలు. మిగిలినవాళ్లు శరత్కాలంలో బయలుదేరి చలికాలమంతా నడిచారు. మిసిసిపి నదిలో మంచు గడ్డలు తేలుతుంటే దాటలేక ఒడ్డున రోజుల తరబడి ఆగిపోయారు. వెయ్యి మైళ్ల దారి, ఇప్పటి ఓక్లహామా వరకు. తరలించిన 16 వేల మందిలో సుమారు 4 వేల మంది చనిపోయారని అంచనా. జాన్ రాస్ భార్య కూడా దారిలోనే పోయింది. చెరోకీల బానిసలు కూడా ఆ దారినే నడిచారు. దీన్ని ‘కన్నీటి బాట’ అంటారు. 1839లో బౌడినాట్‌ను సొంత జాతివాళ్లే చంపారు. జాక్సన్ బొమ్మ 1928 నుంచి ఇరవై డాలర్ల నోటు మీద ఉంది.

న్యూ ఎకోటా ఒప్పందంలో ఒక మాట ఉంది, అమెరికా చట్టసభలో చెరోకీలకు ఒక ప్రతినిధి ఉండవచ్చని. ఆ మాట ఆధారంగా చెరోకీ జాతి 2019లో కింబర్లీ టీహీ అనే మహిళను తమ ప్రతినిధిగా ప్రకటించింది. ఒప్పందం రాసి అప్పటికి 184 ఏళ్లు.

నడిచి వెళ్లినవాళ్లు తలెక్వా అనే ఊరిని రాజధానిగా చేసుకున్నారు. జార్జియా సైనికులు లాక్కున్న అచ్చుయంత్రం తిరిగి రాలేదు. కొత్తది తెచ్చుకుని 1844లో మళ్లీ పత్రిక మొదలుపెట్టారు. 1851లో తమ జాతి నిధులతోనే రెండు ఉన్నత పాఠశాలలు తెరిచారు, మగపిల్లలకు ఒకటి, ఆడపిల్లలకు ఒకటి. రెండూ హాస్టళ్లే. పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవాళ్లు. ఆడపిల్లల బడి 1887లో కాలిపోయింది. రెండేళ్లలో మళ్లీ కట్టారు. ఆ ఎర్ర ఇటుకల భవనం తలెక్వాలోని విశ్వవిద్యాలయం ఆవరణలో ఇప్పటికీ ఉంది.