జడ్పీటీసీ నుంచి ముఖ్యమంత్రి దాకా: ఆ దారి ఎందరికి తెరిచి ఉంది?

2006 స్థానిక ఎన్నికల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా మిడ్జిల్ మండలం నుంచి ఒక స్వతంత్ర అభ్యర్థి జడ్పీటీసీ సభ్యుడిగా గెలిచారు. ఆయన ఎనుముల రేవంత్ రెడ్డి. 2023 డిసెంబర్ 7న తెలంగాణ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆయన్ని అభిమానించేవాళ్లు దీన్ని పట్టుదలకు నిదర్శనం అంటారు, వ్యతిరేకించేవాళ్లు పార్టీ మార్పుల చరిత్ర అంటారు. ఆ వాదన పక్కన పెట్టి, మండలం నుంచి సచివాలయం దాకా ఉన్న మెట్లు ఎలా ఉన్నాయో చూడటానికి ఈ ప్రస్థానం బాగా ఉపయోగపడుతుంది.

మొదటి మెట్టు జడ్పీటీసీ. మండలానికి ఒకరు, ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తుల్లేకుండా జరుగుతుంది. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు మాత్రం పార్టీ గుర్తులపైనే జరుగుతాయి. అందుకే రాజకీయాల్లో పైకి రావాలనుకునే గ్రామీణ నాయకుడు తొలుత చూసేది జడ్పీటీసీ టికెట్ వైపే.

అయితే ఇక్కడి లెక్క అతనికి అనుకూలంగా ఉండదు. 2019లో తెలంగాణలో 538 జడ్పీటీసీ స్థానాలున్నాయి. అసెంబ్లీ స్థానాలు 119. అంటే ఒక నియోజకవర్గంలో సగటున నాలుగైదు మండలాలు ఉంటాయి. జడ్పీటీసీకి సొంత బలం వాటిలో ఒక్కదానిలోనే. మిగతా మండలాల్లో అతను పరాయివాడు. పైగా ఎమ్మెల్యే కూడా జిల్లా పరిషత్‌లో సభ్యుడే. తన నియోజకవర్గంలో రేపు టికెట్ అడగగల మనిషిని ఏ ఎమ్మెల్యే ఇష్టంగా ఎదగనిస్తాడు? చాలామంది గ్రామీణ నాయకుల ప్రయాణం మండల కేంద్రం దాటకపోవడానికి మొదటి కారణం ఇదే. శక్తి లేక ఆగిపోయేవాళ్లకంటే దారి లేక ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

రేవంత్ రెడ్డికి ఆ దారి శాసనమండలి రూపంలో దొరికింది. 1985లో రద్దయిన ఆంధ్రప్రదేశ్ శాసనమండలి 2007లో మళ్లీ ఏర్పడింది. రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం మండలి సభ్యుల్లో దాదాపు మూడో వంతును స్థానిక సంస్థల ప్రతినిధులు ఎన్నుకుంటారు. మన దగ్గర ఆ ఓటర్లు జడ్పీటీసీలు, ఎంపీటీసీలు, మున్సిపల్ కౌన్సిలర్లు. జిల్లా అంతా తిరిగి కొన్ని వందల మంది ప్రతినిధులను ఒప్పించగలిగితే చాలు. ఆ ఏడాదే ఆయన స్వతంత్ర అభ్యర్థిగా మహబూబ్‌నగర్ స్థానిక సంస్థల స్థానం గెలిచారు.

ఈ గెలుపుతో ఆయన మండల నాయకుడి స్థాయి దాటి జిల్లా నాయకుడయ్యారు. 64 మండలాల ఉమ్మడి జిల్లాలో ప్రతి మండలంలోనూ ఆయనకు తెలిసిన ప్రతినిధులు ఏర్పడ్డారు. 2009లో ఆయన తెలుగుదేశం తరఫున అసెంబ్లీకి గెలిచింది కొడంగల్ నుంచి. మిడ్జిల్ ఆ నియోజకవర్గంలో లేదు. మండలి ఎన్నిక మధ్యలో లేకుంటే ఒక మండల ప్రతినిధి జిల్లా ఆ చివరన నిలబడి గెలవడం చాలా కష్టమయ్యేది. ఆ తర్వాత 2014లో మళ్లీ గెలుపు, 2017లో కాంగ్రెస్‌లో చేరిక, 2018లో ఓటమి, 2019లో మల్కాజ్‌గిరి ఎంపీ, 2021లో పీసీసీ అధ్యక్ష పదవి... ఇదంతా అందరికీ తెలిసిందే.

ఇక అసలు ప్రశ్న. ఆ తొలి మెట్టు మనిషికి పాలన నేర్పుతుందా? మన దగ్గర నేర్పేది తక్కువ. ఊళ్లో బడి మీద జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అని బోర్డు ఉంటుంది. అందులో టీచర్లను నియమించేది, బదిలీ చేసేది మాత్రం రాష్ట్ర విద్యాశాఖ. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగించదగ్గ 29 అంశాలున్నాయి. అయితే వాటిని ఇవ్వాలా వద్దా అన్నది శాసనసభల చేతిలోనే ఉంది. నిధులు, విధులు, సిబ్బంది ఈ మూడూ చేతిలో లేని జడ్పీటీసీ సర్వసభ్య సమావేశంలో అధికారులను అడగగలడు, నిలదీయగలడు. అంతకుమించి చేయగలిగింది తక్కువ.

పొరుగున మహారాష్ట్రలో పరిస్థితి కొంత వేరు. 1961 చట్టం తర్వాత అక్కడ ప్రాథమిక పాఠశాలలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు జిల్లా పరిషత్తుల కింద నడిచాయి. ఆ బడిలో తయారైన నాయకుడు ఆర్.ఆర్. పాటిల్. సాంగ్లీ జిల్లా పరిషత్‌లో 1979 నుంచి పదకొండేళ్లు సభ్యుడిగా పనిచేసి, 1990లో తాస్‌గావ్ ఎమ్మెల్యే అయ్యారు. గ్రామీణాభివృద్ధి మంత్రిగా ఆయన తెచ్చిన సంత్ గాడ్గేబాబా గ్రామ స్వచ్ఛతా అభియాన్ ఊళ్ల మధ్య పరిశుభ్రతలో పోటీ పెట్టి, గెలిచిన ఊళ్లకు బహుమతులిచ్చింది. ఊరి పౌరుషం ఎక్కడుంటుందో, దాన్ని పనిలోకి ఎలా మళ్లించాలో కింది నుంచి వచ్చినవాడికి తెలుస్తుంది. స్థానిక అనుభవం రాష్ట్రానికి ఇవ్వగలిగిన అసలైన లాభం అదే.

మన రాష్ట్రాల్లో ఆ తొలి మెట్టు సమయానికి అందుబాటులో ఉండటమే కష్టమవుతోంది. ఐదేళ్ల గడువు ముగిసేలోగా ఎన్నికలు పూర్తి కావాలని 243-ఈ అధికరణ చెబుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో ముగిసిన పంచాయతీల గడువుకు 2013లో ఎన్నికలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో ముగిస్తే 2021 దాకా ఆగాల్సి వచ్చింది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నాటికి సర్పంచుల గడువు ముగిసింది, ఎన్నికలు 2025 డిసెంబర్‌లో జరిగాయి. రిజర్వేషన్ల మీద కోర్టు కేసులతో సహా ప్రతిసారీ ఏదో ఒక కారణం ఉంది. అన్నిసార్లూ ఊళ్లను నడిపింది ప్రత్యేకాధికారులే. కాంగ్రెస్, తెలుగుదేశం, వైఎస్సార్‌సీపీ ప్రభుత్వాలన్నిటి కాలంలోనూ ఈ జాప్యం ఉంది.

ఇందులో నష్టపోయేది ఊరొక్కటే కాదు. ఆ రెండేళ్లలో సర్పంచో ఎంపీటీసీనో కావలసిన యువకుడు, మహిళా రిజర్వేషన్‌తో తొలిసారి బయటికి రావలసిన ఇల్లాలు, దళిత వాడ నుంచి రావలసిన నాయకుడు, వీళ్లందరికీ మొదటి మెట్టే లేకుండా పోతుంది. డబ్బు, కుటుంబ వారసత్వం ఉన్నవాళ్లకు ఆ మెట్టుతో పని లేదు. వాళ్లు నేరుగా అసెంబ్లీ టికెట్ తెచ్చుకోగలరు. మెట్టు అవసరమయ్యేది లేనివాళ్లకే.

జడ్పీటీసీగా మొదలైన ఒక నాయకుడు ఇప్పుడు ముఖ్యమంత్రి. స్థానిక సంస్థలకు నిధులు, విధులు, సిబ్బంది ఇవ్వడం, గడువులోగా ఎన్నికలు జరిపించడం ఎంత అవసరమో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ పని చేయమని పార్టీలతో సంబంధం లేకుండా అడగాల్సింది ఓటర్లమైన మనమే. వచ్చే ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ ఈ ఒక్క ప్రశ్న అడగండి: మా పంచాయతీకి మీరేం వదిలిపెడతారు?